రూటరా... కంప్యూటరా?

ఇంట్లో ఉండేది నలుగురే. నెట్‌ను పట్టుకుని వేలాడేవి మాత్రం పదిహేను. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీ, గుమ్మం దగ్గర కెమెరా... ఆఖరికి పడగ్గదిలో ఏసీ కూడా. వీటన్నిటికీ దారి చూపించేది అరచేతిలో పట్టేంత డబ్బా. టీవీ వెనకో, తలుపు మీద మేకుకో వేలాడుతూ దుమ్ము కొట్టుకుపోయి ఉంటుంది. బాగున్నన్నాళ్లూ దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఒక్కసారి మొరాయించిందా... పెద్దమ్మాయి ఉద్యోగం ఇంటర్వ్యూ సగంలో ఆగిపోతుంది. నాన్నగారి ఆఫీసు మీటింగ్‌లో బొమ్మ బిగుసుకుపోతుంది. అమ్మమ్మ సీరియల్ గిర్రున తిరుగుతూ ఉంటుంది.

అప్పుడు మొదలవుతుంది చర్చ. 'కొత్త రూటర్ కొనేద్దాం' అంటారు ఒకరు. 'ఎందుకు దండగ? అటక మీద పాత కంప్యూటర్ ఉందిగా. దాన్నే రూటర్‌గా మార్చేస్తా. కంపెనీ డబ్బాలకన్నా వందరెట్లు నయం' అంటాడు ఇంజినీరింగ్ చదివే కుర్రాడు. ఇద్దరూ చెప్పేదాంట్లో నిజముంది. మరి ఎవరి మాట వినాలి?

ఇంతకీ అది చేసే పనేంటి?

ఓ అపార్ట్‌మెంట్‌ను ఊహించుకోండి. బయటి ప్రపంచానికి దాని చిరునామా ఒక్కటే. లోపల ఫ్లాట్లు మాత్రం నలభై. వచ్చిన పార్సిల్ ఏ ఫ్లాట్‌దో చూసి పంపేది గేటు దగ్గరుండే వాచ్‌మన్. పిలవకుండా వచ్చినవాళ్లను ఆపేదీ అతడే. రూటర్ పని అచ్చం అలాంటిదే. నెట్ కంపెనీ ఇచ్చేది ఒక్క చిరునామా. ఇంట్లో ప్రతి ఫోన్‌కూ, టీవీకీ రూటర్ 192.168తో మొదలయ్యే ఓ లోపలి నంబరు ఇస్తుంది. ఎవరు ఏది అడిగారో పట్టికలో రాసుకుంటుంది. జవాబు రాగానే అడిగినవాళ్లకే అందిస్తుంది. ఎవరూ అడగకుండా వచ్చినదాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది.

ఇదంతా చేసేది సాఫ్ట్‌వేర్. సాఫ్ట్‌వేర్ నడవాలంటే ప్రాసెసర్ కావాలి, మెమరీ కావాలి. అంటే... రూటర్ కూడా కంప్యూటరే! తెర, కీబోర్డు లేవు, అంతే తేడా. కాబట్టి 'రూటరా, కంప్యూటరా' అన్నదానికి అసలు అర్థం 'ఒకే పని చేసే చిన్న కంప్యూటరా, ఏ పనైనా చేసే పెద్ద కంప్యూటరా' అని.

మొదట్లో అన్నీ కంప్యూటర్లే

నిజానికి కంప్యూటర్‌ను రూటర్‌గా వాడటం కొత్త ఆలోచనేం కాదు. ఇంటర్నెట్ పుట్టిందే అలా. 1969లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆర్పానెట్ కోసం పెట్టిన మొదటి యంత్రం, హనీవెల్ కంపెనీ మినీ కంప్యూటర్‌కు మార్పులు చేసి తయారుచేసిందే. పేరుకు మినీ, ఆకారం బీరువా అంత. 1986లో ఎన్ఎస్ఎఫ్‌నెట్ మొదలైనప్పుడు కూడా డేటాను అటూ ఇటూ మళ్లించినవి పీడీపీ-11 కంప్యూటర్లే. అప్పటి లైన్ల వేగం సెకనుకు 56 కిలోబిట్లు. 1984లో పుట్టిన సిస్కో లాంటి కంపెనీలు ఆ పని కోసమే ప్రత్యేకంగా పెట్టెలు తయారుచేసి అమ్మడంతో రూటర్ అనేది విడి వస్తువైంది.

మన ఊళ్లలో చాలామంది మొదట చూసిందీ కంప్యూటర్ రూటర్‌నే. నెట్ సెంటర్‌లో యజమాని ముందుండే కంప్యూటర్‌కు కనెక్షన్... దాని నుంచి మిగతావాటికి తీగలు. 1999లో వచ్చిన విండోస్ 98 రెండో ఎడిషన్‌లో నెట్‌ను పంచుకునే ఏర్పాటును మైక్రోసాఫ్టే కలిపి ఇచ్చింది. అయితే యజమాని కంప్యూటర్ ఆగిపోతే సెంటర్ మొత్తం ఆగిపోయేది.

2004లో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ విధానం తెచ్చినప్పుడు, సెకనుకు 256 కిలోబిట్ల వేగం ఉంటే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనొచ్చంది. 2013లో ఆ హద్దును 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెంచారు. ఇళ్లలోకి ఫైబర్ వచ్చాక వందల మెగాబిట్లు మామూలైపోయాయి. లైను వేగం పెరిగేకొద్దీ రూటర్ మీద పడే బరువూ పెరిగింది. పాత డబ్బాలు నీరుగారిపోయేది అక్కడే.

గుట్టు విప్పిన నీలం డబ్బా

2002 చివర్లో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రూటర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. నీలం, నలుపు రంగుల డబ్బా, వెనక రెండు యాంటెన్నాలు. లోపల నడిచేది లైనక్స్ అని కొందరు ఔత్సాహికులు పసిగట్టారు. లైనక్స్ లైసెన్సు ప్రకారం దాని సోర్స్ కోడ్‌ను అందరికీ ఇవ్వాలి. అడిగితే 2003లో కంపెనీ ఇచ్చింది. దాంతో 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది. కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌ను తీసేసి దీన్ని ఎక్కిస్తే చౌక డబ్బా కూడా ఖరీదైన రూటర్లు చేసే పనులు చేసేది. ఈనాటికీ ఎన్నో మోడళ్లకు అది ఉచితంగా దొరుకుతోంది.

అదే సమయంలో మామూలు కంప్యూటర్‌ను రూటర్‌గా మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్లూ వచ్చాయి. 2003లో మోనోవాల్, 2004లో దాన్నుంచి చీలి పీఎఫ్‌సెన్స్, 2015లో అందులోంచి ఓపీఎన్‌సెన్స్. ఇవి కాక లైనక్స్ మీద నడిచే ఐపీఫైర్. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కంప్యూటర్‌లో ఎక్కిస్తే అరగంటలో రూటర్ సిద్ధం. ఆ తర్వాత సెట్టింగులన్నీ మరో కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి మార్చుకోవచ్చు.

డబ్బాలో ఉన్న సుఖం

దుకాణంలో కొన్న రూటర్‌కు మొదటి గుణం... తెచ్చి తగిలిస్తే చాలు, పని చేస్తుంది. చప్పుడు చేయదు, ఫ్యాను ఉండదు, జాగా అడగదు. కరెంటు పోయి వచ్చినా ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే లేచి కూర్చుంటుంది. చాలా రూటర్లు 12 వోల్టుల మీద నడుస్తాయి కాబట్టి, వెయ్యీ రెండు వేలకు దొరికే చిన్న యూపీఎస్‌తో కరెంటు కోతలోనూ నెట్ ఆగదు. వైఫై అందులోనే ఉంటుంది.

ప్రాసెసర్ చిన్నదైనా అంత వేగం ఎలా? దాని చిప్‌లో డేటాను మళ్లించే పని కోసమే ప్రత్యేకమైన భాగం ఉంటుంది. ప్రాసెసర్‌ను ఇబ్బంది పెట్టకుండా అదే చకచకా చేసుకుపోతుంది. చిక్కల్లా అదనపు పనులు అప్పజెప్పినప్పుడే. పిల్లల ఫోన్లకు ఆంక్షలు, ఆఫీసు వీపీఎన్, ఎవరికెంత వేగమో పంచడం... ఇలాంటివి పెడితే చాలా డబ్బాల్లో ఆ అడ్డదారి మూసుకుపోతుంది. భారమంతా చిన్న ప్రాసెసర్ మీద పడుతుంది. 300 మెగాబిట్ల లైను ఉన్నా అందులో సగం రావడం కూడా గగనమవుతుంది.

రెండో లోపం దీనికన్నా పెద్దది... అప్‌డేట్లు. కొన్నేళ్లు కాగానే ఆ మోడల్‌ను కంపెనీ వదిలేస్తుంది. కొత్తగా కన్నాలు బయటపడినా పూడ్చే దిక్కుండదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ కెమెరాల్లోకీ, రూటర్లలోకీ దూరింది ఎలాగో తెలుసా? తయారీలో పెట్టిన పాస్‌వర్డ్‌లను ఎవరూ మార్చకపోవడం వల్ల. అరవైకి పైగా మామూలు పాస్‌వర్డ్‌ల జాబితా పట్టుకుని తలుపు తలుపూ తట్టిందది. అలా చేజిక్కించుకున్న పరికరాలతో ఆ ఏడాది అక్టోబరు 21న డైన్ అనే సంస్థ మీద దాడి చేస్తే, అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తెరుచుకోలేదు. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే మరో మాల్‌వేర్ 54 దేశాల్లో కనీసం 5 లక్షల పరికరాల్లోకి చేరింది. వాటిలో ఎక్కువ ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో వాడే రూటర్లే. తలుపు దగ్గర కాపలా ఉన్నవాడే దొంగలకు తాళం ఇచ్చినట్టన్నమాట!

కంప్యూటర్ సత్తా

ఈ రెండు లోపాలకూ కంప్యూటర్ దగ్గర జవాబుంది. సాఫ్ట్‌వేర్‌కూ యంత్రానికీ ముడి లేదు కాబట్టి, కంపెనీ మానేసినా అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. ప్రాసెసర్ బలమైనది కాబట్టి ఎన్ని పనులు చెప్పినా చేస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో 2010 నుంచి వస్తున్న ఏఈఎస్ సూచనల వల్ల చాలా రకాల వీపీఎన్ వేగంగా నడుస్తుంది. రెండు కంపెనీల కనెక్షన్లు తగిలించి ఒకటి పోతే రెండోదానికి మారేలా పెట్టుకోవచ్చు. ప్రకటనలను గుమ్మంలోనే ఆపేయొచ్చు. హాస్టల్లో గదికి ఇంత వేగమని పంచొచ్చు. స్కూల్ ల్యాబ్‌ను, ఆఫీసు గదిని వేర్వేరు నెట్‌వర్క్‌లుగా విడగొట్టొచ్చు.

ఇంకో సంగతి. స్పీడ్ టెస్ట్‌లో వంద మెగాబిట్లు చూపిస్తుంది. అయినా వీడియో కాల్‌లో మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఎందుకని? అదే సమయంలో ఎవరి ఫోనో పెళ్లి ఫొటోలన్నిటినీ క్లౌడ్‌లోకి ఎక్కిస్తూ ఉంటుంది. రూటర్ వాటన్నిటినీ తీసుకుని వరసలో నిలబెడుతుంది. మాట మోసుకెళ్లే చిన్న పొట్లం ఆ వరస చివర్లో ఇరుక్కుంటుంది. నిపుణులు దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు. వరసను తెలివిగా నడిపే కోడెల్ అనే పద్ధతిని క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ 2012లో ప్రతిపాదించారు. దాని మెరుగైన రూపాలు పైన చెప్పిన ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఉన్నాయి. లైను వేగం ఎక్కువయ్యేకొద్దీ ఈ పనికి బలమైన ప్రాసెసర్ కావాలి. కంప్యూటర్ ముందుండేది ఇక్కడే.

మీటర్ ఏమంటుంది?

'పాత కంప్యూటర్ కదా, ఖర్చేం లేదు' అనుకుంటే పొరపాటే. ఏనుగును సంపాదించడం కాదు, మేపడం కష్టం. రూటర్ అన్నది ఏడాదిలో 8,760 గంటలూ నడవాల్సిందే. ఓ పాత డెస్క్‌టాప్ మానిటర్ లేకుండా 60 వాట్లు తీసుకుంటుందనుకుందాం. ఏడాదికి 525 యూనిట్లు. యూనిట్ 6 రూపాయల లెక్కన 3,150 రూపాయలు. 8 వాట్ల రూటర్‌కు అదే ఏడాదికి 70 యూనిట్లు, 420 రూపాయలు. తేడా 2,730. ఆ డబ్బుకు చక్కని రూటరే వస్తుంది... అదీ ఏటా ఒకటి!

పైగా మన రెండు రాష్ట్రాల్లోనూ ఇళ్ల బిల్లులు శ్లాబుల మీదే నడుస్తాయి. నెలకు అదనంగా పడే 38 యూనిట్లు పై శ్లాబు ధరకే పడతాయి. బిల్లు అంచున ఉన్నవాళ్లకు ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఇక పాత పెట్టెలో ఫ్యాను, హార్డ్ డిస్కు, పవర్ సప్లై ఎప్పుడు చెయ్యిస్తాయో తెలియదు. మరీ పాతదైతే అసలు పనికే రాదు. పీఎఫ్‌సెన్స్ 2017లో వచ్చిన 2.4 వెర్షన్ నుంచి 32 బిట్ ప్రాసెసర్లను వదిలేసింది.

కంప్యూటరే కావాలనుకునేవాళ్లకు మేలైన దారి ఫ్యాను లేని మినీ పీసీ. రెండు లేదా నాలుగు నెట్‌వర్క్ పోర్టులతో పుస్తకమంత సైజులో ఉంటుంది. 12 వాట్లు అనుకుంటే ఏడాదికి 105 యూనిట్లే, 630 రూపాయలు. అయితే కొనే ధర మామూలు రూటర్‌కన్నా బాగా ఎక్కువ. ఉన్న కంప్యూటర్‌నే వాడితే రెండో నెట్‌వర్క్ కార్డు తప్పనిసరి. ఒకటి బయటికి, ఒకటి ఇంట్లోకి. యూఎస్‌బీ అడాప్టర్‌తో సరిపెట్టుకుందామంటే రాత్రికి రాత్రి తెగిపోయే ప్రమాదం ఉంది. లోపల బిగించే కార్డే నయం.

వైఫై తిరకాసు

చాలామంది మరిచిపోయేది ఇదే. కంప్యూటర్‌లో ఉండే వైఫై కార్డు, నెట్‌ను అందుకోవడానికి పెట్టింది. ఇల్లంతా పంచడానికి కాదు. పీఎఫ్‌సెన్స్ లాంటివాటిలో అయితే వైఫై కార్డులతో కుస్తీ పట్టాల్సిందే. అందుకని కంప్యూటర్‌ను రూటర్‌గా పెట్టినా వైఫై కోసం మరో డబ్బా కొనాలి. లేదా పాత రూటర్‌నే యాక్సెస్ పాయింట్‌గా మార్చుకోవాలి. ఒకటి తీసేద్దామనుకుంటే రెండు తయారవుతాయన్నమాట!

అసలు నెమ్మదికి కారణం వైఫైయేనేమో ముందు చూసుకోవాలి. పరీక్ష తేలిక. ల్యాప్‌టాప్‌ను తీగతో రూటర్‌కు కలిపి వేగం చూడండి. తీగ మీద పూర్తి వేగం వచ్చి, పడగ్గదిలో ఫోన్‌కు రావడం లేదంటే తప్పు గోడలది, దూరానిది. అప్పుడు ఎంత గొప్ప కంప్యూటర్ తెచ్చిపెట్టినా ఒరిగేదేం లేదు. డబ్బాను టీవీ వెనక నుంచి తీసి ఇంటి మధ్యలో ఎత్తున పెడితే సగం బాధ పోతుంది. అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్ మీద ఇరుగుపొరుగు వైఫైలన్నీ ఒకదానిమీదొకటి పడుతుంటాయి. అందులో ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు మూడే... 1, 6, 11. దగ్గరున్న పరికరాలను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చుకోవడం మంచిది.

మరో అడ్డు ఫైబర్ కంపెనీ పెట్టే డబ్బా. కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చేది అదే కాబట్టి దాన్ని తీసేయడానికి వీల్లేదు. దాని వెనక మరో రూటర్ పెడితే చిరునామాలు రెండుసార్లు మారతాయి. మామూలు వాడకానికి ఇబ్బంది లేదు కానీ కొన్ని ఆటలకూ, వీపీఎన్‌లకూ చిక్కే. ఆ డబ్బాను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టి, లాగిన్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వమని కంపెనీని ముందే అడగాలి. కొన్ని కంపెనీలు వందల ఇళ్లకు కలిపి ఒకే బయటి చిరునామా వాడతాయి. అలాంటప్పుడు ఊరి నుంచి ఇంటి కెమెరాను నేరుగా చూడాలనుకుంటే ఏ రూటరూ ఏమీ చేయలేదు. కంపెనీ దగ్గర స్టాటిక్ ఐపీ కొనుక్కోవాలి.

ఇంట్లో ఎవరు చూసుకుంటారు?

లెక్కలన్నీ అయ్యాక మిగిలే అసలు ప్రశ్న ఇదే. కంప్యూటర్ రూటర్‌ను పెట్టిన కుర్రాడు రేపు ఉద్యోగానికి బెంగళూరో, డాలసో వెళ్లిపోతాడు. ఇంట్లో మిగిలేది అమ్మానాన్నలు. బీపీ మాత్రలు తెప్పించుకునే యాప్, డాక్టర్‌తో వీడియో కాల్, మనవరాలి ముఖం చూసే సాయంత్రాలు... అన్నీ ఆ నెట్ మీదే. డబ్బా మొరాయిస్తే 'నాన్నా, వెనక స్విచ్ ఆపి మళ్లీ వేయి' అంటే సరిపోతుంది. కంప్యూటర్‌లో డిస్కు చెడిపోతే? మానిటర్ తగిలించాలి, కీబోర్డు పెట్టాలి, తెర మీద వరసగా వచ్చే ఇంగ్లిషు అక్షరాలను ఫోన్లో చదివి వినిపించాలి. ఆ ఫోన్‌కీ నెట్ ఉండదు! కేబుల్ టెక్నీషియన్‌ను పిలిచినా 'ఇది మాది కాదండీ' అని వెళ్లిపోతాడు.

కంప్యూటర్ పెట్టొద్దని కాదు. పెట్టేవాళ్లు వెనక్కి వచ్చే దారి కూడా పెట్టి వెళ్లాలి. ఓ మామూలు రూటర్‌ను సెట్టింగులన్నీ చేసి అల్మారాలో ఉంచాలి. ఏ తీగ తీసి ఎందులో పెట్టాలో తెలుగులో కాగితం మీద రాసి గోడకు అంటించాలి. తీగలకు రంగు టేపులు చుట్టాలి. సెట్టింగుల నకలు వేరేచోట దాచాలి.

ఎవరికి ఏది?

* వంద, రెండొందల మెగాబిట్ల లైను, పదిహేను ఇరవై పరికరాలున్న ఇల్లు: మంచి రూటర్ చాలు. కంపెనీ ఇచ్చిన డబ్బా బాగా పనిచేస్తుంటే అదీ అక్కర్లేదు.

* కాల్స్ తెగుతున్నాయి, అప్‌డేట్లు రావడం లేదు: ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పనిచేసే మోడల్ చూసి కొనుక్కోవడం మధ్యేమార్గం. డబ్బా సుఖం, కంప్యూటర్ తెలివి రెండూ దొరుకుతాయి. కొనేముందు ఆ మోడల్ పేరు వాళ్ల జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి.

* రెండు కనెక్షన్లున్న ఆఫీసు, యాభై మంది ఉండే హాస్టల్, స్కూల్ ల్యాబ్: మినీ పీసీ, విడిగా యాక్సెస్ పాయింట్లు. దాన్ని చూసుకునే మనిషి దగ్గర్లో ఉంటేనే.

* నేర్చుకోవాలనుకునే విద్యార్థి: అటక మీది కంప్యూటర్‌ను నిక్షేపంగా దించొచ్చు. నెట్‌వర్కింగ్ పాఠాలకు అంతకన్నా మంచి ప్రయోగశాల లేదు. ఇంటి నెట్‌ను మాత్రం దానికి అప్పజెప్పకుండా పక్కన పెట్టుకుని నేర్చుకోవాలి.

ఏది పెట్టినా తప్పనివి

* రూటర్ సెట్టింగుల పాస్‌వర్డ్‌ను మొదటిరోజే మార్చాలి. వైఫై పాస్‌వర్డ్ వేరు, ఇది వేరు.

* వైఫైకి డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఎంచుకోవాలి. డబ్ల్యూపీఎస్ బటన్ సౌకర్యాన్ని ఆపేయాలి.

* బయటి నుంచి సెట్టింగులు మార్చే వీలుంటే మూసేయాలి.

* నెలకోసారి అప్‌డేట్ ఉందేమో చూడాలి. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన మోడల్‌ను మార్చేయాలి.

* చుట్టాలకూ, కెమెరాలకూ గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వాలి.

* గాలి ఆడేచోట పెట్టాలి. మూసిన అల్మారాలో పెడితే మన ఎండాకాలం దాని ఆయుష్షును తినేస్తుంది.

డబ్బా అయినా కంప్యూటరే, కంప్యూటర్ అయినా రూటరే. ఎన్ని వేలు పోశామన్నది కాదు, నెలకోసారైనా దాని ముఖం చూసేవాళ్లు ఇంట్లో ఉన్నారా అన్నదే లెక్క. అందరికీ దారి చూపించే పెట్టెకు ముందు ఓ దిక్కంటూ ఉండాలిగా!